ఇంట్లో ఫిల్టర్ కాఫీ: ఎవరి నాలుకకు తగ్గట్టు వారికి కలిపి ఇవ్వడం ఎలా

మా ఇంట్లో ఉదయం ఆరింటికి ఒకే ఫిల్టర్‌లో దిగిన డికాషన్ నాలుగు గ్లాసుల్లోకి నాలుగు తీరులుగా వెళ్తుంది. అత్తగారికి చిక్కటి గేదె పాలతో, నోటికి గట్టిగా తగిలేలా కావాలి. మా వారికి ఆవు పాలు, చక్కెర లేకుండా. అమ్మాయి పాలు ముట్టదు కనుక వేడి నీళ్లు కలిపిన నల్ల కాఫీ తాగుతుంది. నాకు అరచెంచా చక్కెరతో మధ్యరకంగా ఉంటే చాలు. ఈ నలుగురినీ ఒప్పించడానికి చాలా ఏళ్లు పొడి మార్చి పొడి కొన్నాను, ప్రతిసారీ ఎవరో ఒకరు మూతి తిప్పుకునేవారు. చివరికి అర్థమైంది ఏమిటంటే, కాఫీ రుచిలో కొన్ని సంగతులు డికాషన్ దగ్గరే తేలిపోతాయి, కొన్ని గ్లాసు దగ్గర తేలుతాయి. గింజ, వేయింపు, మర, నీళ్లు, డికాషన్ దిగిన వేగం మొదటి కోవకు చెందుతాయి. పాలు, తీపి, చిక్కదనం, వేడి రెండో కోవవి. మొదటి కోవలో జరిగిన తప్పును రెండో కోవలో సరిదిద్దడం సాధ్యం కాదు. మాడు వాసన వచ్చే డికాషన్‌లో రెండు చెంచాల చక్కెర వేస్తే తియ్యటి మాడు కాఫీ వస్తుంది, అంతే.

అందువల్ల ఈ మార్గదర్శిలో ముందు డికాషన్ సంగతి విపులంగా చెప్పి, ఆ తరవాతే పాల జోలికి వెళ్తాను.

ముందుగా మీ నాలుకను తెలుసుకోండి

"కాఫీ బాగుంది", "బాగాలేదు" అన్న రెండు మాటలతో పని జరగదు. ఈ విషయంలో మన భాష మనకు ఒక మేలు చేసింది: పులుపు, చేదు, వగరు అని మూడు వేరు వేరు మాటలు చిన్నప్పటి నుంచీ మన నోట్లో ఉన్నాయి. కాఫీలో ఈ మూడూ ఉంటాయి, మూడింటికీ కారణాలు వేరు. పులుపు నాలుకకు తగిలి నీరూరిస్తుంది. చేదు మింగాక గొంతు దగ్గర నిలుస్తుంది. వగరు రుచి కన్నా స్పర్శ అనుకోవచ్చు. పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక బిగుసుకుంటుంది. వీటికి మాడు వాసనను నాలుగోదిగా చేర్చుకోండి. చాలామంది వగరునూ మాడునూ కలిపి చేదు అనేస్తారు, అక్కడే మందు తప్పిపోతుంది.

మీకు ఏది నచ్చుతుందో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. గింజలు వేయించి మర పట్టి ఇచ్చే కొట్టుకు వెళ్లి మూడు పొడులు వంద గ్రాముల చొప్పున తీసుకోండి: చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) లేని అరబికా ఒకటి, అరబికా, రోబస్టా అనే రెండు జాతుల గింజలు సగం సగం కలిపినది ఒకటి, 70 పాళ్ల కాఫీకి 30 పాళ్ల చికోరీ కలిపినది ఒకటి. రోజుకొకటి చొప్పున, ఒకే కొలతతో, ఒకే నీటితో డికాషన్ తీయండి. రెండు చెంచాల డికాషన్‌కు నాలుగు చెంచాల వేడి నీళ్లు కలిపి, పాలూ చక్కెరా లేకుండా, గోరువెచ్చగా అయ్యాక తాగి చూడండి. నాలుక కాలే వేడిలో రుచి తెలియదు. చల్లారే కొద్దీ పులుపు, వగరు బయటపడతాయి. ఆ తరవాత అదే డికాషన్‌ను మీరు రోజూ తాగే విధంగా పాలతో కలుపుకుని తాగండి. నీళ్లలో నచ్చినది పాలలో నచ్చకపోవచ్చు. మా అమ్మాయి ఎంతో ముచ్చటపడి తెచ్చిన తేలికపాటి వేయింపు అరబికాను నేను గేదె పాలతో కలిపి ఇస్తే, అత్తగారు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, "ఏమ్మా, పాలలో కాఫీ వేయడం మరిచిపోయావా?" అని అడిగారు. ఆవిడ అన్నది నిజమే. ఆ పొడిలో ఉన్న సున్నితమైన పులుపు, పూల వాసన అంత వెన్న ఉన్న పాల కింద అణిగిపోయాయి.

ప్యాకెట్ మీద మాటలకు అర్థం

మన దేశంలో పండేవి ప్రధానంగా రెండు జాతులు. అరబికా ఎత్తైన కొండల మీద, చల్లటి చోట, చెట్ల నీడన పెరుగుతుంది. పులుపు, సువాసన ఎక్కువ. రోబస్టా కొంత తక్కువ ఎత్తులో పెరుగుతుంది, తెగుళ్లకు తట్టుకుంటుంది, అరబికాతో పోలిస్తే దాదాపు రెట్టింపు కెఫీన్ ఉంటుంది. చేదు, వగరు, చిక్కదనం ఎక్కువ. దేశంలో పండే కాఫీలో సుమారు 70 శాతం కర్ణాటకదే. అక్కడి చిక్కమగళూరు దగ్గరి కొండలకు యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి నాటాడని చెప్పుకునే బాబా బుడన్ పేరే ఉంది.

కొట్టులో వినిపించే "ప్లాంటేషన్" అన్న మాటకు తోట అని అర్థం చెప్పుకుంటే పొరపాటు. పండు గుజ్జు తీసి, కడిగి ఆరబెట్టిన అరబికాను వ్యాపారంలో ప్లాంటేషన్ అంటారు. అదే విధంగా కడిగిన రోబస్టా పార్చ్‌మెంట్. పండును పండుగానే ఎండబెట్టి తరవాత పొట్టు తీసినది చెర్రీ. కడిగిన గింజలో రుచి తేటగా ఉంటుంది, పండుగా ఎండినదానిలో నోటికి తగిలే చిక్కదనం ఎక్కువ, కొంచెం మట్టి తనం ఉంటుంది. పీబెర్రీ అంటే పండులో రెండు గింజలకు బదులు ఒకటే గుండ్రటి గింజ ఏర్పడినది. గుండ్రంగా ఉండటం వల్ల వేగేటప్పుడు సమంగా దొర్లుతుందన్నది నిజమే గాని, పీబెర్రీ అన్న ఒక్క మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టడం నాకు సమ్మతం కాదు. మంచి తోటలో మామూలు గింజ, నాసి తోటలో పీబెర్రీ కన్నా ఎప్పుడూ మేలే.

తెలుగువాళ్లం కనుక అరకు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న ఆ కొండల మీద గిరిజన రైతులు చిన్న చిన్న కమతాల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన అరబికా పండిస్తున్నారు. ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఏడాది చిక్కమగళూరు, కొడగు, బాబాబుడన్‌గిరి అరబికాలకూ, వయనాడ్ రోబస్టాకూ వచ్చింది. నా నోటికి అరకు గింజ మధ్యరకం వేయింపులో, తక్కువ పాలతో గాని నీళ్లతో గాని బాగుంటుంది. దానిలో చికోరీ కలిపితే ఏ గింజ అయినా ఒకటే అవుతుంది కనుక డబ్బు దండగ.

చికోరీ గురించి జనంలో రెండు వాదాలున్నాయి, రెండూ అతిగానే వినిపిస్తాయి. అది కల్తీ కాదు. ఒక మొక్క వేరును ఎండబెట్టి, వేయించి, పొడి చేసినది, కెఫీన్ అసలు ఉండదు. కాఫీ గింజ పొడిలో వేడి నీటికి కరిగేది మూడో వంతుకు లోపు ఉంటుంది, చికోరీలో సగానికి పైగా కరుగుతుంది. అందుకే చికోరీ పడిన డికాషన్ నల్లగా, చిక్కగా, కాస్త పానకంలా దిగుతుంది, తక్కువ పొడితో ఎక్కువ గ్లాసులు వస్తాయి. చికోరీ తడిసి ఉబ్బి నీటిని పట్టి ఉంచుతుంది కనుక డికాషన్ మెల్లగా దిగుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, పాళ్లు ప్యాకెట్ మీద ముద్రించాలి. చిన్న అక్షరాల్లో వెనకవైపు ఉంటుంది, తిప్పి చదవండి. గేదె పాలతో తాగే ఇంటికి 15 నుంచి 20 శాతం చికోరీ సరిపోతుందని నా అభిప్రాయం. 40 శాతం దాటాక తాగుతున్నది కాఫీ రంగు మాత్రమే.

వేయింపు, మర

గింజ 200 డిగ్రీల చుట్టుపక్కల వేడికి వచ్చినప్పుడు చిటపటమని పగులుతుంది. ఆ తరవాత కొద్దిసేపటికే దింపితే తేలిక వేయింపు, ఇంకొంత ఆగితే మధ్యరకం, నూనె పైకి తేలి గింజ మెరిసేదాకా ఉంచితే ముదురు వేయింపు. వేగే కొద్దీ పులుపు తగ్గి చేదు పెరుగుతుంది. పాలతో తాగేవారికి మధ్యరకానికి కాస్త పైన, నీళ్లతో తాగేవారికి మధ్యరకానికి కాస్త కింద అని మొదటి కొలతగా పెట్టుకోండి. ఇద్దరూ ఉన్న ఇంట్లో, మా ఇంటిలా, మధ్యరకమే రాజీ.

మర విషయంలో ఫిల్టర్‌కు కావలసిన పొడి గోధుమ పిండి కన్నా గరుకుగా, బొంబాయి రవ్వ కన్నా మెత్తగా, దాదాపు పొడి ఉప్పులా ఉండాలి. రెండు వేళ్ల మధ్య రుద్దితే రేణువులు తెలియాలి, పౌడరులా జారిపోకూడదు. ఇంట్లో మిక్సీలో వేస్తే కొంత పిండి, కొంత నూక అవుతుంది. పిండి చిల్లులను మూస్తుంది, నూక సారం వదలదు. తప్పకపోతే రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పి, మధ్యలో జారును కుదపండి. తిరగలి రాళ్లలా రెండు పళ్ల చక్రాల మధ్య నలిపే చేతి మర కొనుక్కోగలిగితే మిక్సీ అవసరం ఉండదు.

పొడి ఒకేసారి కిలో కొని ఆరు నెలలు వాడే అలవాటు మానండి. మర పట్టిన మరుక్షణం నుంచి వాసన పోవడం మొదలవుతుంది. పది, పదిహేను రోజులకు సరిపడా తెచ్చుకుని, గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచితే చాలు. ఫ్రిజ్‌లో పెడితే తీసిన ప్రతిసారీ లోపల చెమ్మ పట్టి, పక్కనున్న పచ్చడి వాసన కూడా చేరుతుంది. దీనికి వ్యతిరేకమైన చిక్కు కూడా ఒకటుంది: అదే రోజు వేయించి అదే రోజు మర పట్టిన పొడిలో బొగ్గుపులుసు వాయువు ఇంకా ఎక్కువగా ఉండి, నీళ్లు పోయగానే పొంగి, నీటిని లోపలికి పోనివ్వదు. రెండు మూడు రోజులు ఆగితే సర్దుకుంటుంది.

నీళ్లు

గ్లాసు కాఫీలో చాలా భాగం నీరే, పాలలో ఉన్నదానితో కలిపి. బోరు నీళ్లలో సున్నం, బైకార్బొనేట్లు ఎక్కువ. అవి కాఫీలోని పులుపును చంపేసి, రుచిని చప్పగా, సుద్దలా చేస్తాయి. మరోవైపు ఆర్‌ఓ యంత్రం ఖనిజాలన్నీ తీసేసిన నీటిలో డికాషన్ పలచగా, పదునుగా అనిపిస్తుంది. కాఫీ వృత్తిలో ఉన్నవారు కరిగిన ఖనిజాలు లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలని చెబుతారు. ఇంట్లో అంత లెక్క అక్కర్లేదు; బోరు నీరు బాగా కఠినమైతే మూడొంతులు ఆర్‌ఓ నీటిలో ఒక వంతు కుళాయి నీరు కలిపి చూడండి. ఒకసారి కాచిన నీటిని చల్లార్చి మళ్లీ కాచకుండా, తాజాగా పట్టిన నీటితో మొదలుపెట్టండి.

ఫిల్టర్ వేయడం

ఇక్కడ తొందర పనికిరాదు. ముగ్గురికి సరిపడే చిన్న ఫిల్టర్‌కు 30 గ్రాముల పొడి, 150 మిల్లీలీటర్ల నీరు లెక్క. తక్కెడ లేకపోతే తలకొట్టిన టేబుల్ స్పూను సుమారు 5 గ్రాములు, కనుక ఆరు స్పూన్లు. పొడి తన బరువుకు రెట్టింపు నీటిని పీల్చుకుని ఉంచుకుంటుంది; అందువల్ల కిందికి దిగేది 90 మిల్లీలీటర్ల దగ్గర, మనిషికి 30 చొప్పున. "ఒక గ్లాసు నీళ్లు పోశాను, అర గ్లాసే వచ్చింది" అని బెంగపడేవారికి సమాధానం ఇదే.

ముందుగా ఫిల్టర్ రెండు గిన్నెలూ పూర్తిగా పొడిగా ఉన్నాయో లేదో చూడండి. చిల్లుల్లో తడి ఉంటే మెత్తటి పొడి అక్కడే అంటుకుని ముద్ద కడుతుంది. పై గిన్నెను ఖాళీగా పొయ్యి సెగ మీద ఐదారు సెకన్లు తిప్పితే తడి ఆరుతుంది, గిన్నె వెచ్చబడి నీటి వేడినీ లాగేయదు.

పొడి వేసి, గిన్నెను అరచేతితో రెండు మూడు సార్లు పక్కన తట్టండి. పొడి తనంతట తాను సమంగా సర్దుకోవాలి. దాని మీద కాడ ఉన్న చిల్లుల బిళ్లను పెట్టి, దాని బరువుకు తోడు ఒక వేలి బరువు మాత్రమే వేసి నొక్కండి. గట్టిగా అదిమితే నీరు దిగదు, అసలు నొక్కకపోతే నీరు ఒక పక్కన దారి చేసుకుని జరజరా జారిపోయి టీ నీళ్లలాంటి డికాషన్ వస్తుంది. చికోరీ ఉన్న పొడిని ఇంకా తేలికగా నొక్కాలి.

నీరు తెరలు కాగాక పొయ్యి ఆపి, అర నిమిషం ఆగండి. 92 నుంచి 96 డిగ్రీల మధ్యకు వస్తుంది. మొదట మూడు నాలుగు చెంచాల నీరు మాత్రమే బిళ్ల మీద చుట్టూ తిప్పుతూ పోయండి. ఇప్పుడు వంగి చూస్తే అంచుల వెంట చిన్న బుడగలు లేస్తుంటాయి, పొడి నిట్టూర్చినట్టు కాస్త పైకి లేచి కిందికి దిగుతుంది, లోపలున్న వాయువు పోతున్నదన్నమాట. నలభై సెకన్లు అలాగే వదిలేయండి. వంటింట్లో వాసన మొదటిసారి తేలేది ఈ క్షణంలోనే. వాసన రాలేదంటే పొడి పాతదని ఇక్కడే తెలిసిపోతుంది. ఆ తరవాత మిగతా నీరు ఒకే చోట ధార పడకుండా, నెమ్మదిగా గుండ్రంగా పోసి మూత పెట్టండి.

ఇక చెవితో కనిపెట్టాలి. మొదటి చుక్కలు ఖాళీ గిన్నె అడుగున టిక్కుమని పడతాయి, అడుగు నిండాక ఆ శబ్దం మెత్తబడుతుంది. సెకనుకు ఒకటి రెండు చుక్కలు పడుతుంటే సరైన వేగం. పదిహేను నుంచి ఇరవై నిమిషాల్లో పని పూర్తి కావాలి. ఐదు నిమిషాల్లోనే దిగిపోతే మర బరక అయినా కావాలి, నొక్కుడు చాలకపోయినా ఉండాలి. అరగంట దాటినా సగం పైనే ఉంటే మర మరీ మెత్తన. ఏది ఏమైనా పై గిన్నె మీద కొట్టడం, చెంచాతో పొడిని కలపడం, బిళ్లను అదిమి పిండటం చేయకండి. చివరన పిండిన చుక్కల్లో వచ్చేది వగరే.

అసలు దిగనప్పుడు ఏం చేయాలన్నది నేను నేర్చుకున్న రోజు బాగా గుర్తుంది. ఒకసారి పెళ్లివారు ఇంటికి వచ్చారు, పది మందికి పెద్ద ఇత్తడి ఫిల్టర్ వేశాను, కొత్తగా వెళ్లిన కొట్టులో మర పట్టిన పొడి విభూదిలా ఉంది. నలభై నిమిషాలకు కింద ఒక అంగుళం డికాషన్ ఉంది. మా నాన్నగారు వంటింట్లోకి వచ్చి, "కంగారుపడకమ్మాయ్, పై గిన్నె కాస్త ఎత్తి, కొంచెం పక్కకు తిప్పి మళ్లీ పెట్టు" అన్నారు. రెండు గిన్నెల మధ్య ఆవిరి పట్టి గాలి బిగుసుకుపోయినప్పుడు ఈ చిట్కా పనిచేస్తుంది, ఆ రోజు కూడా కొంతవరకు పనిచేసింది. మిగిలినదాన్ని గిన్నెలోకి వంపి, తడిపిన పలచటి నూలు గుడ్డలో వడగట్టాను. ఫిల్టర్లు లేని ఇళ్లలో మరిగిన నీళ్లలో పొడి వేసి, మూత పెట్టి, నాలుగైదు నిమిషాలు తేరనిచ్చి గుడ్డలో వడకట్టే పద్ధతి ఎలాగూ ఉన్నదే. రుచికి లోటేమీ రాలేదు.

అదే పొడి మీద సగం నీరు పోసి తీసే రెండో డికాషన్ పలచగా, వగరుగా ఉంటుంది. దాన్ని మొదటిదానిలో కలిపేస్తే రెండూ పాడవుతాయి. పక్కన పెట్టి మధ్యాహ్నం ఎక్కువ పాలతో వాడుకోవచ్చు.

రాత్రే ఫిల్టర్ వేసి పడుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పొద్దున్నే పని తేలికవుతుంది గాని, ఎనిమిది గంటల్లో వాసనలో సగం గాలిలో కలిసిపోతుంది. లేవగానే ఫిల్టర్ వేసి, ముఖం కడుక్కుని స్నానం చేసి వచ్చేసరికి దిగి ఉంటుంది. మిగిలిన డికాషన్‌ను ఫ్రిజ్‌లో మూత బిగించి ఒక రోజు వరకు ఉంచవచ్చు. వేడి చేయాలంటే ఆ గిన్నెను మరిగే నీళ్ల గిన్నెలో నిలబెట్టండి. డికాషన్‌ను నేరుగా పొయ్యి మీద పెట్టి మరిగించడం కన్నా దానికి చేసే ద్రోహం మరొకటి లేదు.

పాలు, తీపి, కలపడం

ఇప్పుడు గ్లాసు దగ్గరికి వచ్చాం. ప్యాకెట్ పాలలో ఫుల్ క్రీమ్‌కు 6 శాతం, స్టాండర్డైజ్డ్‌కు 4.5, టోన్డ్‌కు 3 శాతం వెన్న ఉంటుంది. ఇంటికి పోసే గేదె పాలలో 6, 7 శాతం ఉంటుంది. వెన్న, మాంసకృత్తులు వగరును పట్టుకుని మెత్తబరుస్తాయి, వాటితో పాటు సువాసననూ కప్పేస్తాయి. కనుక పాలు చిక్కనయ్యే కొద్దీ డికాషన్ గట్టిగా, వేయింపు ముదురుగా ఉండాలి. డికాషన్ ఒక పాలుకు గేదె పాలు రెండున్నర, ఆవు పాలు మూడు, పలచన ఇష్టపడేవారికి నాలుగు పాళ్లు మొదలుపెట్టడానికి మంచి కొలతలు.

పాలను ఒక పొంగు రానిచ్చి దింపేయాలి. మరిగే కొద్దీ కోవా వాసన పడుతుంది. కొందరికి అదే ఇష్టం, మా అత్తగారికి ఇష్టం, అప్పుడు ఆవిడ గ్లాసు పాలు విడిగా మరిగిస్తాను. మీగడ తీసేసి, వేడి పాలలో డికాషన్ పోయాలి గాని, డికాషన్ పోశాక మళ్లీ పొయ్యి ఎక్కించకూడదు. రోహిణి కార్తె ఎండల్లో నిన్న కాచి బయట ఉంచిన పాలు పైకి బాగానే కనిపించినా, డికాషన్‌లోని ఆమ్లం తగలగానే విరుగుతాయి. తప్పు కాఫీ మీద వేయకండి. బెల్లం వేసుకునేవారు కూడా పాలు దింపి, డికాషన్ కలిపి, కాస్త చల్లారాకే వేయాలి.

గ్లాసునూ గిన్నెనూ ముందుగా వేడి నీళ్లతో తొలిస్తే కాఫీ వేడి నిలుస్తుంది. ఆ తరవాత గ్లాసు నుంచి గిన్నెలోకి, గిన్నె నుంచి గ్లాసులోకి మూరెడు ఎత్తు నుంచి మూడు నాలుగు సార్లు తిరగబోస్తే చక్కెర కరుగుతుంది, నురగ కడుతుంది, పెదవి కాలని వేడికి వస్తుంది. ఆరు సార్లు తిరగబోస్తే చూడటానికి వేడుకే గాని కాఫీ చల్లారిపోతుంది.

చక్కెర తగ్గించుకోదలచినవారు ఒక్కసారిగా మానకుండా వారానికి పావు చెంచా చొప్పున తగ్గించడం మేలు. చేదు మరీ బాధపెడితే గ్లాసులో చిటికెలో సగం ఉప్పు వేసి చూడండి; ఉప్పదనం తెలియదు గాని చేదు వెనక్కి తగ్గుతుంది.

తేడా వచ్చినప్పుడు

ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. పులుపు ఎక్కువైతే ముందు నీటి వేడి పెంచండి, తరవాత మర కాస్త మెత్తన చేయించండి, అప్పటికీ తగ్గకపోతే వేయింపు ముదురుది తీసుకోండి. చేదు ఎక్కువైతే వేయింపు తగ్గించడం మొదటి మందు. వగరుకు కారణం పొడిలో రోబస్టా ఎక్కువ కావడం గాని, డికాషన్ గంటల తరబడి పొడి మీదే నిలవడం గాని అయి ఉంటుంది. ఇరవై నిమిషాలు కాగానే పై గిన్నె తీసి పక్కన పెట్టండి. మాడు వాసన కొట్టులోంచే వచ్చిందా, మీరు డికాషన్ మరిగించడం వల్ల వచ్చిందా అన్నది, తాజాగా దిగిన చెంచాడు డికాషన్ వాసన చూస్తే తేలిపోతుంది. నీళ్లగా ఉంటే పొడి పెంచాలి గాని, ఎక్కువసేపు ఉంచి సారం పిండుదామనుకోకూడదు.

ఫిల్టర్ కాక వేరే పద్ధతులు

ఇంట్లో నల్ల కాఫీ తాగేవారు ఒకరే ఉంటే వారికి కాగితపు వడపోత విడిగా ఉండటం మంచిది. 15 గ్రాముల పొడి, 240 మిల్లీలీటర్ల నీరు. కాగితాన్ని ముందు వేడి నీటితో తడిపి, మొదట 40 మిల్లీలీటర్లు పోసి అర నిమిషం ఆగి, మిగతాది రెండు మూడు విడతలుగా పోస్తే మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఈ కాగితపు వడపోతను 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంజ్ అనే గృహిణి కనిపెట్టింది. కాఫీలో మడ్డి భరించలేక పిల్లల నోటుపుస్తకంలోని అద్దుడు కాగితంతో మొదలుపెట్టిందట. కొలెస్ట్రాల్ పెంచే నూనె పదార్థాలను కాగితం పట్టేస్తుంది కనుక, ఆ బెడద ఉన్నవారికి ఇది అనువైన పద్ధతి.

ఫ్రెంచ్ ప్రెస్‌లో, అంటే పొడిని వేడి నీటిలో నాననిచ్చి జల్లెడ ఉన్న కాడను కిందికి నొక్కే పాత్రలో, పొడి బొంబాయి రవ్వ కన్నా బరకగా ఉండాలి: 30 గ్రాములకు 450 మిల్లీలీటర్లు, నాలుగు నిమిషాలు. పొయ్యి మీద ఆవిరి ఒత్తిడితో నీరు పొడి గుండా పైకెక్కే మోకా పాత్రలో ఇంచుమించు మన డికాషన్ లాంటి గట్టి కాఫీ ఐదు నిమిషాల్లో వస్తుంది. కింద నీరు ఆవిరి కవాటానికి లోపే ఉండాలి, పొడిని అసలు నొక్కకూడదు, మంట చిన్నగా ఉండాలి, గురగురమనగానే దింపాలి. చికోరీ పొడిని దీనిలో వాడకండి, జల్లెడ మూసుకుపోతుంది. వేసవిలో 50 గ్రాముల బరక పొడిని 400 మిల్లీలీటర్ల చల్లటి నీటిలో వేసి ఫ్రిజ్‌లో పదహారు గంటలు ఉంచి వడకడితే పులుపు, చేదు రెండూ తక్కువగా ఉండే కాఫీ సిద్ధమవుతుంది.

ఇన్‌స్టంట్ కాఫీని చిన్నచూపు చూసేవారిలో నేను లేను. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారయ్యే ఇన్‌స్టంట్ కాఫీ ఎన్నో దేశాలకు పోతున్నది. ప్రయాణాల్లో, అర్ధరాత్రి పనుల్లో దానికి సాటి లేదు. దానికీ ఒక మర్యాద ఉంది: మరిగే పాలలో నేరుగా వేయకుండా, పొడిని రెండు చెంచాల వేడి నీటిలో ముందు కరిగించి ఆ తరవాత పాలు పోస్తే ఉండలు కట్టదు.

ఏ పద్ధతైనా రోజుకు ఎన్ని గ్లాసులన్నది కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదని చెప్పింది. డికాషన్ కాఫీ 150 మిల్లీలీటర్లలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని లెక్క ఇచ్చింది. భోజనానికి గంట ముందు, గంట తరవాత కాఫీ, టీ తాగవద్దని కూడా అందులో ఉంది, ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అవి అడ్డుపడతాయి కనుక. రోబస్టా ఎక్కువ ఉన్న పొడి వాడేవారు గ్లాసుల లెక్కను ఇంకా కట్టుదిట్టంగా పెట్టుకోవాలి.

ఫిల్టర్ కడగడం

తడి పొడిని అలాగే సాయంత్రం దాకా వదిలేస్తే కాఫీ నూనె చిల్లుల అంచులకు పట్టి, రెండు రోజులకు ముక్క వాసన వస్తుంది. చల్లారగానే పొడిని తట్టి కరివేపాకు మొక్క మొదట్లో వేసి, గిన్నెలను వేడి నీటితో కడగాలి. రోజూ సబ్బు పెట్టనక్కర్లేదు, పెట్టిన రోజు వాసన పోయేదాకా తొలవాలి. ఇత్తడి ఫిల్టర్‌ను బయటివైపు చింతపండుతో తోమవచ్చు, లోపల కళాయి పూత ఉంటుంది కనుక పీచు పెట్టి గీకకూడదు. పూత పోయి పసుపు రంగు బయటపడితే మళ్లీ కళాయి వేయించేదాకా వాడకండి. వారానికొకసారి పై గిన్నెను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మూసుకుపోయిన చిల్లులు నల్లగా కనిపిస్తాయి. స్టీలు ఫిల్టర్ అయితే ఆ అడుగును అర నిమిషం సెగ మీద ఉంచి, ఇరుక్కున్న పొడి కాలాక గట్టిగా తట్టి కడిగితే తెరుచుకుంటాయి. ఇత్తడిదాన్ని మాత్రం వేడి నీళ్లలో గంటసేపు నానబెట్టి, సన్నటి సూదితో ఒక్కొక్కటీ పొడవాలి. కడిగాక రెండు గిన్నెలనూ ఒకదానిలో ఒకటి పెట్టకుండా, విడివిడిగా బోర్లించి, మర్నాటి పొద్దుటికి ఆరేలా గాలి తగిలే చోట ఉంచండి.